పక్కమ్మాయి కంటే ఒకటి తక్కువ

నియామక పత్రంలో 'సహాయ శిక్షకురాలు' అని రాశారు. ఆ మాటలోని సహాయం అందరికీ పోయింది, శిక్ష మాత్రం ఆమెకి మిగిలింది. పన్నెండేళ్ళుగా ఆ మహిళా కళాశాల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆమె అసిస్టెంట్ కోచ్. బంధువుల్లో సగం మందికి కోచ్ అంటే రైలుపెట్టె అనే తెలుసు. ఆలోచిస్తే వాళ్ళనుకున్నదే నిజం. ఇంజను ముందుండి కూత వేస్తుంది. పెట్టె దానికి తగులుకుని వెనకాల పోతుంది. జనం ఎక్కేదీ, దిగేదీ, తొక్కలు పారేసేదీ పెట్టెలోనే.

ఇంజను పేరు పెద్దమేడమ్. అసలు కోచ్ ఆవిడే. అరవైకి దగ్గర పడిన పొట్టి మనిషి. అసిస్టెంట్ కోచ్ నలభై మూడేళ్ళ మనిషి, ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ. అయినా ఉద్యోగంలో కింది మెట్టు కాబట్టి ఆమె చిన్నమేడమ్. పెద్దావిడ తలెత్తి మరీ ఈ చిన్నావిడ మీద కేకలేసేది.

పొద్దున్నే జిమ్ తలుపులు తీసేది చిన్నమేడమ్. బంతుల్లో గాలి చూసేది, చీలమండలకి పట్టీలు కట్టేది, ఎదుటి జట్ల వీడియోలు చూసి ఎవరు ఏ చేతి వైపు మళ్ళుతారో రాసుకొచ్చేది కూడా ఆమే. ఆవిడ ఊదేది విజిలు, ఈమె ఊదేది బంతులు. బంతి బుట్టలో పడితే పాయింటు, మనిషి బుట్టలో పడితే డిసప్పాయింటు అని ఏటా కొత్త అమ్మాయిలకి చెప్పే మాట కూడా ఆమెదే. అమ్మాయిలు ఏటా మర్యాదకి నవ్వేవారు.

ఈ నెలాఖరుకి పెద్దమేడమ్ రిటైరవుతోంది. తన తర్వాత ఎవరన్నది ప్రిన్సిపాల్‌కి ఆవిడే రాసివ్వాలి. ఉత్తరం టైపు కూడా అయింది. అందులో చిన్నమేడమ్ పేరుంది. అంతర్ కళాశాలల ఫైనల్ అయ్యాక సంతకం పెడతానని ఆవిడ అంది. అంటే పన్నెండేళ్ళ పెట్టెకి ఇంజను కావడానికి ఒక్క ఆట దూరం.

ఆ జట్టులో ఒక పద్ధతి ఉంది. అది చిన్నమేడమ్ పెట్టినదే. పరుగులు పెట్టించాక అమ్మాయిలంతా గీత మీద వరుసగా నిలబడతారు. రెండు వేళ్ళు మెడ పక్కన ఆనించి, విజిలు నుంచి విజిలు దాకా పదిహేను సెకన్లు ఎవరి గుండె దెబ్బలు వాళ్ళు లెక్కపెట్టుకుంటారు. నిమిషం ఆగి మళ్ళీ లెక్కపెట్టుకుంటారు. ఆ రెండో అంకెని వరుసలో ఒకరి తర్వాత ఒకరు పైకి చెబుతారు. చిన్నమేడమ్ పుస్తకంలో రాస్తుంది. అంకె ముప్ఫై రెండు దాటిన అమ్మాయి తర్వాతి పరుగుకి బెంచీ మీద కూర్చోవాలి. రోజూ బెంచీ ఎక్కేవాళ్ళకి ఆటలో చోటు దొరకదు. పూర్వం నాడి చూసి రోగం చెప్పేవారు, ఇక్కడ నాడి చూసుకుని జాగా దక్కించుకుంటారు.

ఇరవై రోజుల కిందట బంతి నడిపే అమ్మాయి "నలభై నాలుగు" అంది. రెండో ఏడాది చదువుతోంది, జట్టులో అందరికంటే చురుకైన పిల్ల. నిమిషం ఆగాక కూడా నలభై నాలుగేమిటని చిన్నమేడమ్ మళ్ళీ లెక్కపెట్టమంది. ఇరవై ఏడు వచ్చింది. మళ్ళీ అంది. యాభై.

చిన్నమేడమ్‌కి నవ్వొచ్చింది.

"నువ్వు లెక్కపెడుతున్నది గుండెనా, రేకుల మీద పడే చినుకుల్నా తల్లీ?" అంది.

మిగతా పదకొండు మందీ పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మర్నాటి నుంచి ఆమె అంకెలు చక్కబడ్డాయి. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఒకటి. ఇరవై ఎనిమిది. వారం తిరిగేసరికి చిన్నమేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. చూడండి, గడియారంలా ఎలా దారికొచ్చిందో అంది. అప్పటి నుంచి ఆ పిల్ల పేరు గడియారం.

ఫైనల్ రోజు మధ్యాహ్నం జట్టు బస్సులో బయలుదేరింది. వెనక సీట్లలో అమ్మాయిల పాటలు. ముందు సీట్లో చిన్నమేడమ్ ఒళ్ళో పుస్తకం, చేతిలో ఫోను. కాలేజీకి ఇవ్వాల్సిన నివేదిక కోసం అంకెలన్నీ ఫోన్‌లో పట్టిక వేస్తోంది. పుస్తకంలో పేజీలు జెర్సీ నంబర్ల వరుసలో ఉంటాయి. నాలుగో నంబరు గడియారం మొదటి పేజీలో ఉంటే, పదిహేనో నంబరు జిరాఫీ చివరి పేజీలో ఉంది. జిరాఫీ అంటే జట్టులో అందరికంటే పొడుగు పిల్ల, గడియారానికి ప్రాణస్నేహితురాలు. గీత మీద మాత్రం వాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడతారు. పట్టికైనా నిలబడే వరుసలో వేద్దామని ఆ రోజే ఆమెకి తోచింది.

జిరాఫీ ముప్ఫై, గడియారం ఇరవై తొమ్మిది. జిరాఫీ ముప్ఫై రెండు, గడియారం ముప్ఫై ఒకటి. ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది.

చిన్నమేడమ్ వేలు ఆగింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చూసింది. పంతొమ్మిది రోజుల్లో పదిహేడు రోజులు, పక్కమ్మాయి కంటే సరిగ్గా ఒకటి తక్కువ. జలుబు చేసి జిరాఫీ రాని రెండు రోజులూ గడియారం గడి ఖాళీ. ఒక రోజు బూటు తాడు తెగిందని, ఒక రోజు బాత్రూమ్‌కని అంకెలు చెప్పే వేళకి తప్పుకుంది.

ఏ గుండె దానికదే కొట్టుకుంటుంది. కాపీ కొట్టేది మనిషే. ఆ పిల్లకి తన అంకె చెప్పడం ఇష్టం లేదు. లేదా చెప్పుకునేలా లేదు. నలభై నాలుగు, ఇరవై ఏడు, యాభై. ఆ రోజు ఆ పిల్ల లెక్క తప్పలేదేమో. లెక్క సరిగ్గానే ఉండి, గుండే తప్పిందేమో.

బస్సులో చల్లగానే ఉంది. చిన్నమేడమ్ వీపు మీద చెమట పట్టింది.

ఆట జరిగే హాలు చేరగానే ఆమె జిరాఫీని నీళ్ళ డబ్బాలు దించే నెపంతో పక్కకి తీసుకెళ్ళింది. జిరాఫీ ముందు పైకప్పు చూసింది, తర్వాత నేల చూసింది. ఆమెకి రెండూ దూరమే. చివరికి చెప్పింది.

"దానికి నాడి చేతికి అందదంట మేడమ్. కాసేపు ఆగిపోయి, తర్వాత గబగబా పరిగెడుతుందంట. మొన్న షవర్ దగ్గర కింద కూర్చుండిపోయింది. కళ్ళు చీకట్లు కమ్మాయంది. ఎవరికైనా చెప్తే మాట్లాడనని ఒట్టేయించుకుంది."

"ఎంతసేపు కూర్చుంది?"

"నేను రెండు సార్లు పిలిచేదాకా పలకలేదు మేడమ్."

జట్టు బట్టలు మార్చుకునే గదిలో గడియారం బల్ల మీద కూర్చుని జడ బిగిస్తోంది. చిన్నమేడమ్ పక్కన కూర్చుని, చేతి పట్టీ చూస్తున్నట్టు నటిస్తూ మణికట్టు పట్టుకుంది. పదిహేను సెకన్లకి పద్దెనిమిది. చక్కగా, సమంగా, ఒకదాని వెనక ఒకటి. ఒక్క క్షణం చిన్నమేడమ్ ప్రాణం లేచొచ్చింది. గడియారం చెయ్యి వెనక్కి తీసుకుని, బాగానే ఉన్నాను మేడమ్ అని నవ్వింది. ఏమీ అడగకముందే బాగున్నానని చెప్పేవాళ్ళంటే చిన్నమేడమ్‌కి మొదటి నుంచీ అనుమానమే.

ఆమె వరండాలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేసింది. అక్క పెద్దాసుపత్రి గుండె విభాగంలో నర్సు. ఎవరు ఫోన్ చేసినా ముందు తిన్నావా అని అడుగుతుంది. ఈసారి చెల్లెలు చెప్పిందంతా విని, ఆ మాట అడగలేదు.

"కూర్చున్నప్పుడు బాగుంటే ఏం లాభమే. పరిగెత్తేటప్పుడు ఏమవుతోందో అదీ ముఖ్యం. ఆ పిల్లని ఆడించకు."

"ఫైనల్ అక్కా."

"ఫైనల్ అనే నేనూ అంటున్నా. అక్కడ గోడకి షాకిచ్చే పెట్టె ఉందేమో చూడు. గుండె ఆగితే దాంతోనే మళ్ళీ కొట్టిస్తారు. అది లేని చోట ఆ పిల్లని ఒక్క అడుగు కూడా పరిగెత్తించకు."

పెట్టె ఉంది. ప్రవేశద్వారం పక్కన, అద్దం తలుపుతో, పైన గుండె బొమ్మతో, బొమ్మలో మెరుపుతో ఠీవిగా ఉంది. లోపల మాత్రం మేకు ఉంది, మేకుకి తగిలించాల్సినది లేదు. హాలు మేనేజరు బాగుచేయడానికి పంపామన్నాడు. ఎప్పుడని అడిగితే పోయిన ఏడాదని చెప్పాడు. చిన్నమేడమ్ ఆ ఖాళీ అద్దం ముందు నిలబడింది. అందులో తన మొహమే కనబడుతోంది. మేకు సరిగ్గా నుదుటి మధ్యన ఉంది.

పెద్దమేడమ్ చెడ్డ మనిషి కాదు. చెప్పిందంతా విన్నది. కండరాల నొప్పులు చూసే ఫిజియోని పిలిపించి గడియారాన్ని చూపించింది. ఫిజియో కూడా మణికట్టు పట్టుకుని, నాలుక చూసి, రెండు గుంజీలు తీయించి, బాగానే ఉందన్నాడు. పెద్దమేడమ్ చిన్నమేడమ్ భుజం మీద చెయ్యి వేయబోయి, అందక మోచేయి తట్టింది. పోయినేడు సెమీఫైనల్లో కూడా నువ్వు ఇలాగే ఆట ఆపించావు, కాలు విరిగిందన్నావు, తీరా చూస్తే బూటులో మడత పడ్డ మేజోడు అని గుర్తు చేసింది. అది నిజమే.

"గుండె కొట్టుకోనిది ఎవరికి? నాకూ ఈ పూట దడదడలాడుతోంది," అంది పెద్దమేడమ్. "ఐదేసి నిమిషాలు ఆడిద్దాం, మధ్యమధ్యలో కూర్చోబెడదాం. నువ్వు దాన్నే చూస్తూ ఉండు. తేడా అనిపిస్తే చెప్పు, తీసేస్తా. సరేనా?"

సరేనని చిన్నమేడమ్ తలూపింది. తలూపినందుకు తనని తాను తర్వాత చాలా తిట్టుకుంది. పన్నెండేళ్ళుగా ఊపీ ఊపీ ఆ తల ఊగడానికి అలవాటు పడిపోయింది. పైగా ఉత్తరం ఉంది. ఉత్తరం సంగతి గుర్తు రాలేదని ఆమె ఎవరికైనా చెప్పగలదు గానీ తనకి తాను చెప్పుకోలేదు.

ఆట మొదలైంది.

వెయ్యి మంది చూస్తున్నది బంతిని. చిన్నమేడమ్ చూస్తున్నది ఒక్క పిల్ల పెదాల రంగుని. గడియారం బంతి తట్టుకుంటూ వస్తుంటే నేల మీద ఆ చప్పుడు ఒక లయలో వినబడేది. బంతి చేయి మారగానే ఆ చప్పుడు ఆగేది. ఆగినప్పుడల్లా చిన్నమేడమ్ సీట్లో ముందుకి జరిగేది. లయ తప్పితే విలయమే అని మామూలు రోజైతే జోకు వేసేది. ఇప్పుడా జోకు తన నోట్లోనే ఉండి, తననే వెక్కిరిస్తోంది. కబురు చేస్తే అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందని ఆట మొదలవకముందే గేటు దగ్గర అడిగి వచ్చింది. పదకొండు నిమిషాలన్నారు. అక్కని అడిగితే ఎన్ని నిమిషాల్లో రావాలో చెప్పేది. అడగడానికి ధైర్యం చాలలేదు.

మొదటి మూడు క్వార్టర్లూ ఐదేసి నిమిషాల ఒప్పందం నడిచింది. గడియారం బెంచీ మీదికి వచ్చి కూర్చున్నప్పుడల్లా చిన్నమేడమ్ తువ్వాలు ఇచ్చే వంకతో చెయ్యి పట్టుకోబోయేది. ఆ పిల్ల తువ్వాలు తీసుకుని చెయ్యి దాచుకునేది. నాలుగో క్వార్టర్‌లో ఆట బిగిసింది. ఒప్పందాన్ని పెద్దమేడమ్ మరిచిపోయింది. గడియారం ఆరు నిమిషాలుగా కోర్టులోనే ఉంది. రెండు పాయింట్ల ఆధిక్యం, మూడు నిమిషాల నలభై సెకన్ల ఆట మిగిలుండగా ఎదుటి జట్టు టైమ్ అవుట్ అడిగింది.

అమ్మాయిలు గుంపుగా చుట్టూ చేరారు. పెద్దమేడమ్ చిన్న పలక మీద గీతలు గీస్తోంది. చిన్నమేడమ్ వెనక నుంచి వెళ్ళి గడియారం మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టింది. ఆ పిల్ల విదిలించుకోబోయింది. ఈసారి చిన్నమేడమ్ వదల్లేదు.

ఒకటి. రెండు.

ఏమీ లేదు.

వేళ్ళ కింద చర్మం వేడిగా ఉంది, తడిగా ఉంది, ఏమీ లేదు. చిన్నమేడమ్ తన వేళ్ళే తప్పు చోట పెట్టానేమో అనుకునేంత సేపు ఏమీ లేదు. తర్వాత మూడూ నాలుగూ ఐదూ ఆరూ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి, తలుపు తెరవగానే పడిపోయే సామానులాగా. మళ్ళీ ఏమీ లేదు.

"మేడమ్, తీసెయ్యండి దీన్ని," అంది చిన్నమేడమ్.

పెద్దమేడమ్ పలక మీంచి తల ఎత్తలేదు. "మూడు నిమిషాలు. ఒక్క మూడు నిమిషాలు."

"ఇప్పుడే తీసెయ్యాలి."

బజర్ మోగింది. గడియారం ఆమె వేళ్ళ కింద నుంచి జారిపోయి కోర్టులోకి పరిగెత్తింది.

ఆ ఆటలో ఒక నియమం ఉంది. మనిషిని మార్చాలంటే కోచ్ కేకేస్తే చాలదు. లోపలికి వెళ్ళాల్సిన అమ్మాయి స్కోరర్ల బల్ల దగ్గరికి పోయి తానే అడగాలి. అడిగాక కూడా ఎప్పుడు విజిలు పడి బంతి ఆగితే అప్పుడే మార్పు. చిన్నమేడమ్ బెంచీ చివర కూర్చున్న బుడ్డి దగ్గరికి వెళ్ళింది. మొదటి ఏడాది పిల్ల, గడియారానికి బదులు ఆడేది. వెళ్ళి అడగమంది.

"పెద్దమేడమ్ చెప్పారా?" అంది బుడ్డి.

"నేను చెప్తున్నా."

బుడ్డి ఇద్దరు మేడమ్‌ల మొహాలూ చూసి, దగ్గర ఉన్నావిడకే ఎక్కువ భయపడి, బల్ల దగ్గరికి పోయి కూర్చుంది.

ఇక విజిలు పడాలి. పడలేదు. అంతవరకు అరనిమిషానికోసారి ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని గుద్దుతూనే ఉన్నారు. ఇప్పుడు అందరూ మర్యాదస్తులైపోయారు. బంతి గీత దాటబోయేది, ఎవరో దూకి లోపలికి లాగేవారు. ఎదుటివాళ్ళు వేసింది బుట్ట అంచుకి తగిలి వచ్చింది, జిరాఫీ అందుకుంది, గడియారానికి ఇచ్చింది. గడియారం పరిగెత్తింది. వేసింది పడలేదు. వెనక్కి పరిగెత్తింది. చిన్నమేడమ్ జీవితంలో మొదటిసారి సొంత జట్టు ఫౌలు చెయ్యాలని కోరుకుంది. ఎవరైనా ఎవరినైనా తొయ్యండి అని లోపల అరిచింది. పది సెకన్లు. ఇరవై. నలభై.

గడియారం పరుగు మధ్యలో ఆగింది. కుడి చెయ్యి ఛాతీ మీదికి పోయింది. మొహంలో నొప్పి లేదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఎటువైపు నుంచా అని చూసినట్టు చూసింది. మళ్ళీ కదిలింది.

చిన్నమేడమ్ గీత దాటి కోర్టులోకి నడిచింది.

ఆమె పరిగెత్తలేదు. ఎవరినీ తిట్టలేదు. ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువైన మనిషి, ఆడుతున్న పది మంది మధ్యలోంచి నడుచుకుంటూ పోయి గడియారాన్ని రెండు చేతులతో పట్టుకుంది. విజిలు పడింది. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమై, తర్వాత ఒక్కసారిగా గోల. రిఫరీ రెండు అరచేతులూ అడ్డంగా, నిలువుగా కలిపి టెక్నికల్ ఫౌల్ అని చూపించింది. ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో. అది పడింది. ఆధిక్యం రెండు కాస్తా ఒకటైంది.

గడియారం నడుచుకుంటూ బెంచీకి వచ్చింది. కూర్చుంది. నీళ్ళు తాగింది. ఏమీ కాలేదు.

ఇక్కడే చిన్నమేడమ్‌కి అసలు భయం పట్టుకుంది. ఆ పిల్లకి ఏమైనా అవుతుందేమోనని ఒక భయం, ఏమీ కాకపోతే తన సంగతేమిటని ఒక భయం. రెండో భయం వచ్చినందుకు సిగ్గు. గడియారం బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఊపిరి సర్దుకుంది, కళ్ళల్లో నీళ్ళు. ఎవరు చూసినా ఆరోగ్యానికి అడ్వర్టయిజ్‌మెంటులా ఉంది. చివరి నిమిషంలో బుడ్డి చేతిలోంచి బంతి జారింది. ఎదుటివాళ్ళు దాన్ని బుట్టలో వేశారు. జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

అమ్మాయిలెవరూ చిన్నమేడమ్ వైపు చూడలేదు. గడియారం చూసింది. చూడకపోయినా బాగుండేది.

పెద్దమేడమ్ సంచి సర్దుకుంటూ మెల్లగా అంది, "ఆ ఉత్తరం నేను చింపను. సంతకం మాత్రం పెట్టలేను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోనని చిన్నమేడమ్ అంది. గడియారాన్ని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తానని కూడా అంది. గడియారం రానంది. జిరాఫీ, బుడ్డి చెరొక చెయ్యీ పట్టుకుని టాక్సీ ఎక్కించారు. చిన్నమేడమ్ ముందు సీట్లో కూర్చుని, వెనక వినబడే నాలుగు ఊపిర్లలో... కాదు, మూడే... అని లెక్క తప్పి, గబుక్కున తిరిగి చూసి, నాలుగోది తనదేనని తెలుసుకుంది.

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ముందు పడుకోబెట్టి వైర్లు పెట్టి చూశారు. కాగితం మీద గీతలు బాగానే వచ్చాయి. ఇంటికి పంపించేయొచ్చని చిన్న డాక్టరు అన్నాడు. అక్క వినలేదు. పెద్ద డాక్టరు గది తలుపు తట్టింది. ఆయన కోటు వేసుకుని వచ్చి, ఛాతీకి వైర్లతోనే అమ్మాయిని నడిచే యంత్రం మీద నిలబెట్టమన్నాడు. తలుపు మూసుకుంది.

చిన్నమేడమ్ బయట కుర్చీలో కూర్చుంది. లోపల యంత్రం నెమ్మదిగా తిరగడం, ఆ పైన వేగం పెరగడం వినబడుతోంది. బూట్ల చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు, రెండేళ్ళుగా రోజూ విన్నదే. ఒక నిమిషం. రెండు. మూడు. ఏమీ కాకపోతే రేపు కాలేజీ గేటు ఎలా దాటాలి అని ఒక ఆలోచన. ఏమీ కాకూడదు దేవుడా అని ఇంకొకటి. రెండూ ఒకే గుండెలో, పక్కపక్కనే.

నాలుగో నిమిషంలో బూట్ల చప్పుడు ఆగింది. యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

తర్వాత ఎవరో పరిగెత్తారు. ఒక బండి చక్రాలు గచ్చు మీద గీసుకున్నాయి. ఎవరో ఒక అంకె గట్టిగా చెప్పారు. చిన్నమేడమ్ లేచి నిలబడింది గానీ తలుపు వైపు అడుగు వేయలేకపోయింది. జిరాఫీ ఆమె చీర కొంగు పట్టుకుంది. ఎంతసేపు అలా ఉన్నారో ఇద్దరికీ తెలియదు.

అక్క బయటికి వచ్చింది. నుదుటి మీద జుట్టు చెదిరి ఉంది.

"ఉంది," అంది. అన్నిటికంటే ముందు ఆ మాట అంది. "నాలుగో నిమిషంలో పడిపోయింది. ఇద్దరం పట్టుకున్నాం. ఒక్కసారి షాకిస్తే వచ్చేసింది. ఇప్పుడు మాట్లాడుతోంది. పుట్టుకతో ఉన్నదేనంట, వైద్యం ఉందిలే. కానీ ఆట మాత్రం ఇంక లేదు." గోడకి ఆనుకుని, "అది ఆ హాల్లో జరిగుంటే..." అని ఆపేసింది.

పెద్దమేడమ్ ఫోన్ చేసింది. చిన్నమేడమ్ చెప్పింది.

"మూడు నిమిషాలు అన్నాను కదూ నేను," అని పెద్దమేడమ్ ఫోన్ పెట్టేసింది.

గడియారం తల్లి బట్టలు కుట్టే మనిషి. కబురు అందగానే ఉన్నపళంగా వచ్చేసింది. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది. కూతుర్ని చూసి వచ్చి, చిన్నమేడమ్ ముందు నిలబడింది. ముందు దణ్ణం పెట్టింది. మీరు లేకపోతే నా పిల్ల లేదంది. ఆ తర్వాత, ఇది ఎప్పటి నుంచి ఉందో మీకేమైనా తెలుసా మేడమ్‌గారూ అని అడిగింది.

ఇవాళే తెలిసిందండీ అని చెప్పేస్తే సరిపోయేది. అదీ నిజమే. ఆవిడ చేతులు జోడించే ఉన్నాయి. చిన్నమేడమ్‌కి కోర్టులోకి నడిచినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

"పంతొమ్మిది రోజులుగా నా పుస్తకంలో ఉందండీ," అంది. "నేను చూడలేదు. అంతకు ముందు రోజు మీ అమ్మాయి నిజం చెప్పింది. నేను నవ్వాను. అందరూ నవ్వారు. అప్పటి నుంచి అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది."

తల్లి జోడించిన చేతులు నెమ్మదిగా విడిపోయాయి. టేపు కొస పట్టుకుని వేలికి చుట్టింది, విప్పింది. తిడుతుందని చిన్నమేడమ్ ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"దానికింకా ఆట సంగతి చెప్పలేదు," అంది తల్లి చివరికి. "నా వల్ల కాదు. చెప్పాల్సింది మీరే. లోపలికి వెళ్ళండి."

లోపల మంచం మీద గడియారం ఇంకా చిన్నగా కనబడింది. చిన్నమేడమ్ చెప్పాల్సింది చెప్పింది. తిప్పి చెప్పలేదు, తగ్గించి చెప్పలేదు. పన్నెండేళ్ళలో ఆమె ఒక్క చమత్కారం కూడా లేకుండా ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ పిల్ల గోడ వైపు తిరిగింది. గోడతోనే మాట్లాడింది.

"రోజూ భయమేసేది మేడమ్. పడుకుంటే భయం, పరిగెడితే భయం. మీకు చెప్దామనుకునేదాన్ని. చెప్తే బెంచీ మీద కూర్చోబెడతారని ఇంకా భయమేసేది."

చిన్నమేడమ్ మంచం అంచున కూర్చుంది. తనంటే ఆ అమ్మాయిలకి ఉన్న భయాన్ని ఇన్నాళ్ళూ క్రమశిక్షణ అనుకుంది.

"మీకు భయమెయ్యలేదా, అందరి ముందూ అలా వచ్చేశారు?"

"వేసింది. ఇప్పుడూ వేస్తోంది."

"ఇప్పుడెందుకు? నేను బానే ఉన్నాగా."

"నీలాగా చెప్పకుండా ఇంకెవరైనా ఉన్నారేమోనని."

గడియారం ఇటు తిరిగింది. కాసేపు చిన్నమేడమ్ మొహంలోకి చూసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంది.

"జిరాఫీని కూడా చూపించండి మేడమ్," అంది. "అది నిజంగా లెక్కపెట్టేదనుకుని నేను దాన్ని చూసి చెప్పేదాన్ని. మొన్న అడిగితే నవ్వేసింది. అదెప్పుడూ లెక్కపెట్టలేదంట. నోటికొచ్చింది చెప్పేదంట."

చిన్నమేడమ్ లేచింది. తలుపు అద్దంలోంచి వరండా కనబడుతోంది. జిరాఫీ కుర్చీలో పట్టక, పొడుగాటి కాళ్ళు దారికడ్డంగా చాపుకుని, బుడ్డికి ఏదో చెబుతూ నవ్వుతోంది. ఛాతీ మీద ఒక చెయ్యి వేసుకుని ఉంది. ఊరికే వేసుకుందో, అలవాటుగా వేసుకుందో, ఇంత దూరం నుంచి తెలియడం లేదు.

చిన్నమేడమ్ తలుపు తీసింది.

"ఏమే, ఇలా రా," అంది. "పరిగెత్తకు. మెల్లగా నడిచి రా."